పన్నెండో గదిలో పేరంటం

తొమ్మిదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి నేను. మూడోసారి ఫలితాలు చూసుకుని ఇంటికొస్తే మా నాన్న ఒక్కమాటే అన్నాడు: "ఒరే కోటీ, ఇంక ఆ బడిని వదిలెయ్యరా. అదేం పాపం చేసింది?" అలాంటి నేను ఐర్లండులో ఒక కాలేజీలో పద్ధెనిమిదేళ్ళు ఉన్నాను. ఒక్క పరీక్ష రాయలేదు. కాని నేను వచ్చి తలుపు తీస్తే తప్ప అక్కడి ప్రొఫెసర్లు కూడా ఎవరికీ పరీక్ష పెట్టలేకపోయేవారు. లెక్కల మాస్టారి మీద ఇంతకంటే బాగా కక్ష తీర్చుకున్నవాడు తెనాలి చుట్టుపక్కల లేడని నా నమ్మకం.

నా ఉద్యోగం పేరు పోర్టర్. మా బంధువులు చాలాకాలం నేను డబ్లిన్ రైల్వే స్టేషన్లో సామాన్లు మోస్తున్నాననే అనుకున్నారు. నేనూ దిద్దలేదు. ఇక్కడ కాలేజీ పోర్టరంటే తలుపులు, తాళాలు, గదులు, కుర్చీలు చూసుకునే మనిషి. ఈ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు చాలామంది వస్తున్నారు. వాళ్ళలో ఒకతను ఈమధ్య "ఇందులో నేర్చుకోడానికి ఏముంది అంకుల్?" అన్నాడు. అతని కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ఇందులో ఉన్నవి రెండే మెట్లు: పోర్టరు, పెద్ద పోర్టరు. పైమెట్టు మీదున్నాయన దిగడు.

కుర్చీల చదువు

మా ఆవిడ కనక నర్సు. ఆమెకు డబ్లిన్ శివారులోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగమొస్తే వెనకాల సూట్‌కేసులు తోసుకుంటూ నేనొచ్చాను. తెనాలిలో నాది షామియానా సప్లయర్స్ షాపు. పెళ్ళిళ్ళకు టెంట్లు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిచ్చేవాణ్ణి. ఇంటర్వ్యూలో పెద్ద పోర్టరు క్రిస్టీ నన్ను కింద నుంచి మీద దాకా చూశాడు. డబ్లిన్‌లోనే పుట్టి, డబ్లిన్‌లోనే ముసలివాడైన మనిషి. నవ్వించి తను నవ్వడు.

"కుర్చీలు వేసిన అనుభవం ఉందా?"

"పెళ్ళిళ్ళకు వేశాను సార్. ఎనిమిదొందలు, ఒక్క పూటలో."

"ఇక్కడ వర్షం పడుతుంది."

"అక్కడ బంధువులు పడతారు సార్."

ఉద్యోగం వచ్చింది.

తలుపు తీయడం, తలుపు వేయడం, కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. ఈ నాలుగూ ఎవరైనా చేస్తారు. అసలు పని ఐదోది: చూడడం. ఏ మాస్టారు ఏ రోజు తాళంచెవి మరిచిపోతాడో, ఏ పిల్ల ఎక్కడ కూర్చుని తింటుందో పోర్టరుకు తెలిసినంత ప్రిన్సిపాలుకు తెలియదు. ఆరోది కూడా ఉంది. చూసినదాన్ని ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అనేది. ఆ ఆరోదాంట్లో నేను తప్పాను. తొమ్మిదో తరగతి తప్పినట్టు కాదు. అప్పుడు నష్టపోయింది నేనొక్కణ్ణే.

దేశం మునిగిన రోజులు

మాంద్యం వచ్చింది. అయిదుగురు పోర్టర్లం ఇద్దరమయ్యాం, క్రిస్టీ, నేను. వెళ్ళినవాళ్ళ స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. సాయంత్రం నాలుగైతే హీటింగ్ ఆపేసేవాళ్ళు. ప్రతి నెలా ఎవరో ఒకరు ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్ళిపోతున్నామని చెప్పి, లాకరు తాళంచెవి నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళేవారు.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు చేశాను. ఆర్థికశాస్త్రం మాస్టారు లోపల ఉండగా గదికి తాళం వేసి భోజనానికి వెళ్ళిపోయాను. రెండు గంటల తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు తీస్తే ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఈ ఏడాదిలో ఎవరూ నన్ను దేశం ఎందుకు మునిగిందని అడగని రెండు గంటలు ఇవేనయ్యా" అన్నాడు. పొరపాట్లన్నీ ఇలాగే ముగుస్తాయని అప్పట్నుంచి ఒక భ్రమలో ఉండిపోయాను.

ఇళ్ళు కట్టడం ఆగిపోయాక మేస్త్రీలు, వడ్రంగులు కూడా కాలేజీల్లో చేరారు. వాళ్ళను నేను ముదురు విద్యార్థులు అనేవాణ్ణి. అందులో టామీ ఒకడు. ముప్పయ్యేళ్ళు ఇటుకలు పేర్చిన మనిషి. యాభై ఏళ్ళ వయసులో మొదటి సంవత్సరం. మొదటిరోజు వచ్చి, చేతులు జేబుల్లో దాచుకుని, గది ఎక్కడని అడిగాడు. చెంపలు ఎర్రబడిపోయాయి.

"సిగ్గుపడకు. నేను తొమ్మిది తప్పాను. నువ్వు నాకంటే సీనియర్‌వి" అన్నాను.

నవ్వాడు. ఆ తర్వాత ఖాళీ దొరికితే వచ్చి నాతో కుర్చీలు మోసేవాడు. చేతులకు అలవాటు తప్పుతుందని భయం.

అక్కచెల్లెళ్ళ సంఘం

ఒక బుధవారం మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది.

"హాయ్, పన్నెండో గది ఖాళీగా ఉందా?" అంది, ములింగార్ అనే ఊరి యాస ఇంగ్లీషులో.

"ఉందమ్మా. దేనికి?" అన్నాను తెలుగులో.

ఉలిక్కిపడింది. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. గార్డులు కనిపించినా మన పిల్లలు బెదరరు గాని తెలుగు అంకుల్ కనిపిస్తే బెదిరిపోతారు. ఎందుకు బెదురుతారో నాకు తర్వాత బాగా తెలిసొచ్చింది.

పేరు హారిక. మూడో సంవత్సరం. ఇల్లు ములింగార్. రోజూ రైల్లో వచ్చి రైల్లో పోయేది. మాటల్లో మూడొంతులు ఇంగ్లీషు, ఒక వంతు తెలుగు.

"సొరారిటీ పెడుతున్నాం అంకుల్."

"అది వస్తే జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలా?"

నవ్వకుండా ఉండాలని చాలా కష్టపడింది. పాపం, నవ్వేసింది. తర్వాత కౌంటరు మీద మోచేతులు ఆనించి చెప్పింది. అంతకు ముందు ఏడాది ఎక్స్ఛేంజి మీద అమెరికాలో ఒక కాలేజీకి వెళ్ళిందట. అక్కడ అమ్మాయిలు గ్రీకు అక్షరాలతో ఒక సంఘం పెట్టుకుని, అక్కచెల్లెళ్ళమని ప్రమాణం చేసి, ఒకే ఇంట్లో ఉంటారట. ఇక్కడ చదరంగానికి సంఘముంది, నాటకాలకుంది, టీ తాగడానికి కూడా ఉంది. ఇది మాత్రం లేదు.

"అక్కచెల్లెళ్ళయ్యి ఏం చేస్తారు?"

"ఏం చెయ్యం. సిస్టర్స్‌గా ఉంటాం. దట్స్ ఇట్."

కాగితం మీద రెండు గ్రీకు అక్షరాలు గీసి చూపించింది. ఒకటి త్రిభుజం, ఒకటి గుర్రపునాడా. వాటిని నేను చివరిసారి చూసింది నేను తప్పిన లెక్కల పేపర్లోనే. తాళంచెవి ఇచ్చేశాను గాని నా బుర్ర ఆగలేదు. ఏం చెయ్యని సంఘానికి గది దేనికి?

క్రిస్టీని అడిగాను. మా కాలేజీ భవనం ఒకప్పుడు కాన్వెంటు. ఆ పన్నెండో గది సన్యాసినులు బట్టలు కుట్టుకునే గది. క్రిస్టీ టీ కలుపుకుంటూ తలెత్తకుండా చెప్పాడు: "ఆడవాళ్ళు మాత్రమే ఒకే ఇంట్లో, ఒకరినొకరు సిస్టర్ అని పిలుచుకుంటూ, ఎవరికీ అర్థంకాని భాషలో ప్రమాణాలు చేసి? అవి మాకు బోలెడుండేవి కోటీ. నన్స్ అనేవాళ్ళం."

ఇంటికెళ్ళి కనకను అడిగాను.

"అందులో వింతేముంది? గుంటూరు నర్సింగ్ హాస్టల్లో మేమూ అంతేగా. ఒకళ్ళకి జ్వరమొస్తే పదిమందీ డ్యూటీ సర్దుకునేవాళ్ళం. పేరు పెట్టుకోవాలని మాకు తోచలేదు."

ఒకే ప్రశ్నకు ఒకరు మఠమన్నారు, ఒకరు హాస్టలన్నారు. నాకింకా కుతూహలం పెరిగింది.

నిప్పు లేకుండా ఏం చేస్తారు

మొదట్లో ఏడుగురు వచ్చేవారు. సంఘానికి కాలేజీ గుర్తింపు రావాలంటే ఇరవై సంతకాలు కావాలి. గుర్తింపు లేకపోతే గది లేదు. పైగా ఆ ఎండాకాలం నుంచి పన్నెండో గదిని పాత ఫైళ్ళకు గోడౌను చేస్తారని చెప్పుకుంటున్నారు. కాలేజీలో సంఘాల వ్యవహారాలు చూసే మార్గరెట్ గారు హారికకు సూటిగా చెప్పారు: "ఏప్రిల్లో కమిటీ కూర్చుంటుంది. ఇరవై సంతకాలు, ఒక మంచి కారణం తీసుకుని నువ్వే వచ్చి మాట్లాడు. ఇంకోమాట, ఏ సంఘమైనా అందరికీ తలుపు తెరిచి ఉండాలి. ఆడవాళ్ళకే అంటే కష్టం." ఆమె చెడ్డమనిషి కాదు. పోర్టర్లకు కూడా గుడ్‌మార్నింగ్ చెప్పే ఆఫీసరు. అలాంటివాళ్ళు చాలా తక్కువ.

ఒకరోజు హారిక రెండు డజన్ల కొవ్వొత్తులతో వచ్చింది.

"ఇవి దేనికి?"

"కొత్తవాళ్ళని చేర్చుకోడానికి అంకుల్. లైట్లు ఆపి, కొవ్వొత్తి పట్టుకుని, ప్రమాణం."

"కుదరదు తల్లీ. ఫైర్ అలారం మోగిందంటే నాలుగొందల మంది వర్షంలో నిలబడతారు. అప్పుడు ఇరవై సంతకాలు వస్తాయి గాని అవి నీ మీద కంప్లయింటు కింద వస్తాయి."

మొహం వాడిపోయింది. "మరి నిప్పు లేకుండా ఎలా పిలవాలి?"

అప్పుడన్నాను, ఆలోచించి కాదు, నోటికొచ్చింది: "మీ అమ్మని అడుగు. మనవైపు ఆడవాళ్ళని పేరంటానికి పిలవాలంటే నోటీసు అంటించరు. గడపలోకి వెళ్ళి, నుదుట బొట్టు పెట్టి, రమ్మని చెప్తారు. అలా పిలిచాక రాకపోతే తప్పు. పిలవకపోతే అంతకంటే పెద్ద తప్పు."

"గడపలు ఎక్కడున్నాయి అంకుల్ ఇక్కడ? నాకు తెలిసినవాళ్ళని పిలిచేశాను."

అక్కడ నా ఐదో పని పనికొచ్చింది. మూడో అంతస్తు వెనకమెట్ల మీద ఒక అమ్మాయి రోజూ ఒంటిగంటకు ఒక్కతే తింటుంది. లైబ్రరీ వెనకాల సైకిళ్ళ షెడ్డులో ఇంకో అమ్మాయి. నేస్ నుంచి బస్సులో వచ్చే ఇద్దరు, వేర్వేరు గదుల్లో, ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు. వేలు మడుస్తూ చెప్పుకుంటూ పోయాను. హారిక నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నాళ్ళూ మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా."

మర్నాడు కుంకుమ తెచ్చింది. ఆమె, ఈఫా అనే పొడుగాటి ఐరిష్ అమ్మాయి కలిసి వెనకమెట్లెక్కి, శాండ్‌విచ్ తింటున్న పిల్ల నుదుట బొట్టు పెట్టి "బుధవారం మా గదికి రావాలి" అన్నారు. ఆ పిల్ల శాండ్‌విచ్ పక్కన పెట్టి ఏడ్చిందట. వారంలో కాలేజీ నిండా ఎర్రబొట్ల ఐరిష్ అమ్మాయిలు. తత్వశాస్త్రం మాస్టారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఇవాళ విభూతి బుధవారమా? నుదుట బూడిద పెట్టించుకోడానికి నేను చర్చికి వెళ్ళడం మరిచిపోయానా?" అని అడిగాడు.

"కాదు సార్. ఆ బూడిద వేరు, ఈ ఎరుపు వేరు."

మార్చి చివరికి ఇరవై సంతకాలు వచ్చేశాయి.

నా తప్పు

ఉగాదికి బ్లాంచర్డ్స్‌టౌన్ కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళందరం కలిశాం. పచ్చడి గ్లాసు చేత్తో పట్టుకుని జోకులు వేస్తున్నాను. ఒకాయన దగ్గరికొచ్చాడు. హారిక నాన్న రాజేశ్వర్ గారు. వరంగల్ మనిషి, మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాంట్రాక్టు పొడిగించక నాలుగు నెలలుగా ఇంట్లో ఉన్నాడని తర్వాత తెలిసింది.

"మా హారిక సదివే కాలేజీల పన్జేస్తరట గదన్నా?"

నలుగురూ వింటున్నారు. నాకు హుషారొచ్చింది.

"మీ అమ్మాయంటే ఏమనుకున్నారు సార్! మా కాలేజీలో లీడరు. సొరారిటీ పెట్టింది. బుధవారం వస్తే పన్నెండో గది కిటకిటలాడిపోతుంది."

"బుధవారమా? బుధవారం ల్యాబ్ ఉంటదని చెప్పింది గదా."

అక్కడ ఆగాలి. ఆ మనిషి కళ్ళు చూసైనా ఆగాలి. నేను ఆగలేదు.

"ల్యాబెక్కడిది సార్, ఆ రోజు రెండింటికే క్లాసులు అయిపోతాయి."

పక్కనున్న ఇంకొకాయన ఆజ్యం పోశాడు: "సొరారిటీ అంటే అమెరికాలో తాగి తందనాలాడే పిల్లల సంఘం కదండీ? సినిమాల్లో చూపిస్తారుగా."

రాజేశ్వర్ గారు పచ్చడి గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. పొగడడానికే చెప్పానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నలుగురిలో నాకు తెలుసని చూపించుకోడానికి చెప్పాను. వెనకమెట్ల పిల్ల సంగతి చెప్పిన నోరూ ఇదే, ఈ మాట చెప్పిన నోరూ ఇదే. మొదటిది అడిగితే చెప్పాను, ఆ పిల్లకు ఎవరో ఒకరు కావాలని చెప్పాను. రెండోది నాకు చప్పట్లు కావాలని చెప్పాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవలసిన తేడా ఇదొక్కటే.

తర్వాతి బుధవారం హారిక రాలేదు. ఈఫా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"వాళ్ళ నాన్న ఇక రావద్దన్నారట. క్లాసు, రైలు, ఇల్లు, అంతే. ఎవరో పోర్టరు చెప్పాడట."

కాలేజీలో పోర్టర్లం ఇద్దరమే. అందులో క్రిస్టీకి తెలుగు రాదు.

"వచ్చే బుధవారం కమిటీ" అంది ఈఫా. "ప్రెసిడెంటు రాకపోతే ఫారం తీసుకోరు. మేం మాట్లాడినా లాభం లేదు."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. క్రిస్టీకి నేనే చెప్పుకున్నాను. అతను నా నడుముకున్న గుత్తి వైపు చూశాడు.

"కోటీ, ఇందులో నూట నలభై తాళంచెవులున్నాయి. ఆ పిల్ల ఇంటి తలుపుది ఒక్కటైనా ఉందా?"

ములింగార్ గడప

ఇంటికొచ్చి రాజేశ్వర్ గారికి ఫోన్ చేయబోతే కనక చేతిలోంచి లాగేసింది.

"కింద పెట్టు. నువ్వు నోరు తెరిచావంటే ఈసారి ఆ పిల్లకి పెళ్ళి కూడా కుదిర్చేస్తావు."

"మరేం చెయ్యమంటావే?"

"నువ్వేం చెయ్యకు. ఆ పొడుగు పిల్లని శనివారం పొద్దున్నే రమ్మను."

ఈఫా ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. కనక వాళ్ళను వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఇంతమందికి బొట్టు పెట్టారు, ఆ పిల్ల తల్లికి పెట్టారా?"

లేదని ముగ్గురూ తల అడ్డంగా ఊపారు.

"అదీ మీరు చేసిన తప్పు. ఇంటి ఇల్లాలిని పిలవకుండా కూతుర్ని పిలిచే పేరంటం ఉంటుందా ఎక్కడైనా?" అని కుంకుమ భరిణ చేతిలో పెట్టి, రెండు వాక్యాలు నేర్పి, రైలెక్కించింది. నన్ను స్టేషను దాకా కూడా రానివ్వలేదు.

ఆ తర్వాతిది హారిక తల్లి సులోచన గారు నాకు చెప్పినదే. తలుపు తీసింది రాజేశ్వర్ గారట. ఎదురుగా వర్షంలో తడిసిన ముగ్గురు తెల్లపిల్లలు.

"ఎవరు గావాలె?" అన్నాడట తెలుగులో, కంగారులో.

ఈఫా కుంకుమ భరిణ చూపించి, "మీరు కాదు అంకుల్, ఆంటీ" అందట.

సులోచన గారు గిన్నెలు తోముతూ తడిచేతులతో వచ్చింది. ఈఫా ఆమె నుదుట బొట్టు పెట్టి, నేర్చుకున్న రెండు వాక్యాలూ ఒప్పజెప్పింది: "ఆంటీ, బుధవారం మా గదిలో పేరంటం. మీరు తప్పకుండా రావాలి." ఆ యాసకు ఎవరైనా నవ్వాలి. ఆమె నవ్వలేదు. గుమ్మంలోనే నిలబడిపోయి భర్తతో అందట:

"గీ దేశమొచ్చి తొమ్మిదేండ్లాయె. నా గడపదాక వచ్చి బొట్టు వెట్టి పిలిచినోళ్ళు ఒక్కలు లేరు. ఇయ్యాల పిలిచిన్రు. నేను వోతా."

"గట్ల కాదు సులోచనా, అసలు సంగతి ఏందంటే..."

"బొట్టు వెట్టించుకున్నంక సంగతులుండయి. బిడ్డ లేకుండ నేనొక్కదాన్నే రైలెక్కాల్నా?"

లోపల మెట్ల మీద హారిక కూర్చుని అంతా వింటోందట.

ఇరవయ్యో సంతకం

బుధవారం రాజేశ్వర్ గారే ఇద్దర్నీ కారులో తీసుకొచ్చాడు. వాళ్ళు కమిటీ గదిలోకి వెళ్ళారు. ఆయన నా కౌంటరు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఉద్యోగం పోయిన మనిషికి ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పని కూతురి చదువు. దాని మీద నేను రాయి వేశాను. ఏ మొహంతో మాట్లాడతాను?

చివరికి ఆయనే అడిగాడు: "గా పన్నెండో గదిల ఏం జేస్తరన్నా, నిజం చెప్పు."

"సార్, ఈసారి నేనేం చెప్పను. మీ అమ్మాయి లోపల చెప్తోంది. తలుపుకి అద్దముంది. చెవి పెట్టినా నేను చూడనట్టుంటాను."

లేచి వెళ్ళాడు. టామీ, నేను ఆ గదికే అదనపు కుర్చీలు మోసుకెళ్తున్నాం. తలుపు తెరిచి పట్టుకుంటే మాటలు బయటికి వినిపించాయి.

"అమెరికాలో వాళ్ళు నన్ను ఎంచుకున్నారు" అంటోంది హారిక. "ఎంచుకోని అమ్మాయిలు బయట మెట్ల మీద ఏడుస్తుంటే చూశాను. ఏమీ అనలేదు. ఇక్కడ మేం ఎవర్నీ ఎంచుకోం. ఒంటరిగా కూర్చున్నవాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళి పిలుస్తాం. మాకు గది కావాల్సింది పిలిచాక కూర్చోబెట్టడానికి."

మార్గరెట్ గారు కళ్ళజోడు తీశారు. "మంచి కారణం. కాని రెండు చిక్కులున్నాయి. ఇందులో ఒకమ్మాయి పోయినవారం సిడ్నీ వెళ్ళిపోయింది. మీరు పంతొమ్మిది మందే. రెండోది, ఈ దేశంలో మగవాళ్ళు ఒంటరిగా కూర్చోరా?"

మగవాళ్ళను చేర్చుకోవడం హారిక కోరుకున్నది కాదు. అక్కచెల్లెళ్ళ సంఘం పెట్టాలనుకుంది. ఏడాదంతా దాని కోసం నాన్నకు అబద్ధం కూడా చెప్పింది. ఈఫా వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తర్వాత తలుపు దగ్గరున్న నా వైపు తిరిగింది.

"అంకుల్, మీరు చెప్పినవాళ్ళలో అబ్బాయిలు ఒక్కరూ లేరేం?"

"నువ్వు అడగలేదమ్మా."

"ఇప్పుడు అడుగుతున్నాను. ఉన్నారా?"

ఉన్నారు. ఒకతను నా పక్కనే ఒక్కో చేత్తో రెండేసి కుర్చీలు పట్టుకుని నిలబడ్డాడు. రోజూ పార్కింగులో తన వ్యానులో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని తింటాడు. మూడేళ్ళుగా చూస్తున్నాను. నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి పట్టాను. పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో అంత బరువు ఎప్పుడూ మొయ్యలేదు.

కుర్చీలు నేలమీద పెట్టిన చప్పుడైంది.

"నేను వ్యానులో తింటాను" అన్నాడు టామీ.

హారిక అతని దగ్గరికి నడిచింది. యాభై దాటిన మేస్త్రీ వంగి నుదురు ముందుకు పెట్టాడు. సులోచన గారు భరిణ మూత తీసి అందించింది. బొట్టు పెట్టించుకుని, వేలితో తడుముకుని, "ఇలా ఇంటికెళ్తే మా ఆవిడ అంబులెన్సు పిలుస్తుంది" అని, వెళ్ళి ఇరవయ్యో సంతకం పెట్టాడు.

"సొరారిటీ అనే పేరు అలాగే ఉంచుతారా?" అన్నారు మార్గరెట్ గారు.

"నాకు అయిదుగురు అక్కలు మేడమ్. ఇంకో పంతొమ్మిది మందంటే నాకేం తేడా తెలియదు" అన్నాడు టామీ. అందరికంటే ముందు నవ్వింది తలుపు బయట నిలబడ్డ రాజేశ్వర్ గారు.

పన్నెండో గది వాళ్ళకే మిగిలింది. సమావేశం అయ్యాక నేను కుర్చీలు మడుస్తుంటే ఆయన కోటు తీసి పక్కన పెట్టి, "ఇవి యాడ వెట్టాలన్నా?" అని అందుకున్నాడు. నన్ను క్షమించానని చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇరవై కుర్చీలు కలిసి మోశాం.

ఈ ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఇంతే. చూడకుండా ఉండలేం, చూడడం మంచిదే. చూసిందాన్ని గుత్తికి తగిలించుకుని తిరగాలి. ఎవరి తలుపుకి ఏది పడుతుందో తెలియనప్పుడు ఏదీ తియ్యకూడదు. మనవాళ్ళ పిల్లలు కనిపించినప్పుడు ఇది ఇంకా కష్టం. లోపల ఉన్న అంకుల్ ఊరుకోడు. వాడికి యూనిఫామ్ వేసి కౌంటరు దగ్గర నిలబెట్టాలి.

ఆ సాయంత్రం హారిక తాళంచెవి తిరిగివ్వడానికి వచ్చింది. "తప్పు నాదేనమ్మా" అన్నాను. "గ్రాండ్ అంకుల్" అంది. ఇక్కడ గ్రాండంటే పర్లేదని అర్థం. అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "టామీని చేర్చుకున్నారు సరే, ఇంత పాతకాపుని, నాకూ ఒక బొట్టు పెట్టి పిలవకూడదూ?" అన్నాను.

రిజిస్టర్లో సంతకం పెడుతూ, తలెత్తకుండానే అంది: "మిమ్మల్ని పిలిస్తే ఎలా అంకుల్? మేం లోపల మాట్లాడుకున్నది మా రైలు కంటే ముందు ములింగార్ చేరిపోతుంది."